బరువు తగ్గించు మందులు – మగ్గము పనివారి ఆహారము

మన సభ్యుల కుటుంబములలో కొందరు ఈ మధ్య బరువు తగ్గుటకై మందులు వాడుచున్నారు. షోలాపురము, భివండి మొదలు సేలము, కాంచీపురము, బరంపురము వరకు మన వారున్న చోట్లనెల్ల ఈ మాట వినవచ్చుచున్నది. వారమునకొకసారి పొట్టమీద పొడుచుకొను ఇంజెక్షనులలో టిర్జెపటైడు 2025 మార్చిలో మౌంజారో పేరుతోను, సెమాగ్లూటైడు అదే సంవత్సరము జూన్‌లో వెగోవీ పేరుతోను మన దేశపు మందుల అంగళ్లకు వచ్చినవి. అప్పటినుండి సంఘ కార్యాలయములో నూలు తూకము కంటె మనిషి తూకమును గూర్చిన ముచ్చట ఎక్కువైనది.

“ఈ మందు మంచిదా, చెడ్డదా?” అని అందరును అడుగుచున్నారు. ఎవరికి తగును, ఎవరికి తగదు అని నిర్ణయింపవలసినది డాక్టరుగారు. మేము కార్యదర్శులము, వైద్యులము కాము. అయితే “మందు మొదలుపెట్టిన తరువాత ఏమి తినవలెను?” అను ప్రశ్న అడుగువారు మాత్రము అరుదు. చదివి తెలిసికొన్నదియు, డాక్టర్లు చెప్పగా విన్నదియు కూర్చి, ఆ ప్రశ్నకు సమాధానము ఇక్కడ వ్రాయుచున్నాము.

చెప్పవలసినది ఒక్క మాటలో చెప్పెదము. ఈ మందులు ఆకలిని తగ్గించును గాని, శరీరమునకు కావలసిన సరుకును తగ్గించవు. ముందు నాలుగు ముద్దలలో చేరిన సత్తువ ఇకమీదట రెండు ముద్దలలోనే చేరవలెను. కావున తిండి తగ్గినకొలది దాని నాణ్యము పెరుగవలెను. ఇది మరచినచో బరువుతో పాటు బలమును పోవును.

మందు ఎవరికి

మన వృత్తిలో చేతులు, కాళ్లు కదలుచునే యుండును గాని నడుము కదలదు. గుంట మగ్గములో దిగినవాడు పూటంతయు అక్కడనే. కండెలు చుట్టు ఆడవారును కూర్చున్న చోటనే. పని మధ్య టీలు, బిస్కెట్లు, ఫలహారములు. భోజనమున అన్నమే అన్నము, పప్పు కొంచెము. నడివయస్సు వచ్చునప్పటికి పొట్ట, దాని వెనుక చక్కెరజబ్బు, రక్తపుపోటు వచ్చుట మనలో వింత కాదు.

బరువు ఎక్కువయో కాదో తెలిసికొనుటకు ఒక లెక్క కలదు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును రెండు మార్లు పెట్టి భాగింపవలెను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు గలవారికి 72ను 1.6తో ఒకసారి, మరల 1.6తో ఇంకొకసారి భాగించినచో 28 వచ్చును. మన దేశపు వైద్యులు 23 దాటినచో అధిక బరువనియు, 25 దాటినచో స్థూలకాయమనియు లెక్కింతురు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించరాదు. పైన చెప్పిన ఇంజెక్షనులు సామాన్యముగా ఈ లెక్క 30 దాటినవారికిని, లేదా 27 దాటి చక్కెరజబ్బు, రక్తపుపోటు వంటి రోగము కూడ ఉన్నవారికిని వ్రాయుదురు. పెండ్లిలో సన్నగా కనిపించుటకై వాడు మందులు కావివి.

మందు చేయు పని

మనము భోజనము చేసినప్పుడు ప్రేగులనుండి ఒక రసము రక్తములోనికి వచ్చి, “ఇక చాలు” అని మెదడునకు కబురు చెప్పును. సెమాగ్లూటైడు ఆ రసమును పోలినది. టిర్జెపటైడు అటువంటి రెండు రసముల పని చేయును. వీటి వలన ఆకలి తగ్గును. తిన్నది జీర్ణకోశములో ఎక్కువసేపు నిలుచును. కొద్దిగా తిన్నను కడుపు నిండినట్లుండును. మొదటి వారములలోను, మోతాదు పెంచినప్పుడును వికారము, వాంతి, మలబద్ధము, విరేచనములు కలుగవచ్చును. అందుకే తక్కువ మోతాదుతో మొదలిడి మెల్లమెల్లగా పెంచుదురు.

ఇంకొకటి ఓర్లిస్టాట్ అను గొట్టము మాత్ర. ఇది ఆకలి జోలికి పోదు. తిన్న క్రొవ్వులో సుమారు మూడవ వంతు జీర్ణము కాకుండ ఆపి బయటికి పంపును. క్రొవ్వుతో పాటు, క్రొవ్వులో కరగు విటమినులును కొంత బయటికి పోవును. ఆ సంగతి ముందు చెప్పెదము.

మూడవది మెట్‌ఫార్మిన్. ఇది చక్కెరజబ్బు మాత్ర; బరువు తగ్గించు మందు కాదు. అయినను మనలో ఇంజెక్షను తీసికొనువారు అనేకులు దీనిని ఏండ్ల తరబడి మ్రింగుచున్నవారే గనుక దీని మాటయు చెప్పక తప్పదు.

తూకము తగ్గుట రెండు విధములు

పట్టు పనివారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పచ్చి పట్టును సబ్బు నీళ్లలో ఉడికించి తీసినప్పుడు తూకము నూటికి 20 నుండి 25 వంతుల వరకు తగ్గును. పోయినది జిగురు. అది పోవుటచేతనే పట్టుకు మెరుపు, మెత్తదనము వచ్చును. అయితే ఉడుకు మితిమీరినచో జిగురుతో ఆగక పోగే దెబ్బతినును. అప్పుడును తూకము తగ్గును గాని, ఆ పోగు మగ్గముమీద నిలువదు.

మనిషి శరీరములో జిగురు వంటిది క్రొవ్వు. పోగు వంటిది కండ. త్రాసు ఈ రెంటికి భేదము చెప్పదు.

సెమాగ్లూటైడుమీద జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితములు 2021లో వెలువడినవి. అందులో 1961 మంది పాల్గొనిరి. 68 వారములు మందు తీసికొన్నవారికి సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గినది. వారిలో 140 మందికి యంత్రముతో శరీరములోని క్రొవ్వును, తక్కినదానిని విడివిడిగా కొలిచిరి. తగ్గిన బరువులో నూటికి సుమారు 40 వంతులు క్రొవ్వు కానిదని తేలినది. 80 కిలోల మనిషి 12 కిలోలు తగ్గినాడనుకొందము. ఆ లెక్కన అందులో 5 కిలోలకు దగ్గరగా క్రొవ్వు కానిది పోయినట్లు. అదంతయు కండయే కాదు, అందులో నీరును ఇతర ధాతువులును కలవు. అయినను కండకు నష్టము లేదని చెప్పుటకు వీలులేదు. ఆహారము తగ్గించి బరువు తగ్గువారికందరికిని ఈ నష్టము కొంత ఉండును. ఈ మందులతో బరువు త్వరగాను, అధికముగాను తగ్గును గనుక మరింత జాగ్రత్త కావలెను.

తొక్కుడు చెక్కలను నొక్కునది తొడలోని కండ. పలకను కొట్టునది భుజములోని కండ. ఆ కండ తరిగినచో త్రాసుమీద గెలిచినట్లుండును, మగ్గముమీద ఓడినట్లుండును. కండను నిలుపుకొనుటకు రెండే సాధనములు కలవు. ఒకటి మాంసకృత్తులు గల ఆహారము. రెండవది కండకు పని.

మాంసకృత్తుల లెక్క

పప్పు, పాలు, గ్రుడ్డు, చేప, మాంసములలోనుండి శరీరము కట్టుకొను పదార్థమునకే మాంసకృత్తులని పేరు. పేరులో మాంసమున్నను మాంసములో మాత్రమే ఉండునని కాదు. ఆరోగ్యవంతునికి రోజుకు కిలో బరువునకు 0.83 గ్రాములు కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టినది. మందుతో బరువు తగ్గుచున్నవారికి అంతకంటె ఎక్కువ, కిలోకు 1 గ్రాము మొదలు 1.5 గ్రాముల వరకు, వైద్యులు చెప్పుదురు. ఎవరికెంత అనునది డాక్టరుగారే నిర్ణయింతురు. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వారిని అడుగక మాంసకృత్తులు పెంచరాదు.

ఇప్పుడు మన పళ్లెములోనికి చూతము. మందు మొదలైన తరువాత ఆకలి చచ్చి, ప్రొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నము గుప్పెడు చారన్నము, రాత్రి మరల అదే, నడుమ కాఫీ – ఇట్లు గడుపువారు కలరు. ఈ రోజంతటి తిండిలో మాంసకృత్తులు 20 గ్రాములు దాటవు. 70 కిలోల మనిషికి ఇది మూడవ వంతైన కాదు.

అదే కొద్దిపాటి తిండిని ఈ విధముగా మార్చవచ్చును. గ్రుడ్డు ఒకదానిలో 6 గ్రాములు. గ్లాసెడు పాలలో, అనగా 250 మిల్లీలీటర్లలో, 8. పచ్చి పప్పు 30 గ్రాములు వండినచో 7. గరిటెడు గట్టి పెరుగు, 150 గ్రాములు, 5. వేయించిన శనగలు పిడికెడు, 30 గ్రాములు, 6. వేరుసెనగ అంతే తూకమునకు 7. చేప 100 గ్రాములకు 18 మొదలు 20. సోయా ముక్కలు పొడివి 30 గ్రాములకు 15. ప్రొద్దున రెండు గ్రుడ్లు, పాలతో కాచిన రాగిజావ, మధ్యాహ్నము చిక్కని పప్పు, కూర, కొద్ది అన్నము, పెరుగు, సాయంకాలము శనగలు, రాత్రి ఒక జొన్నరొట్టె, చేప ముక్కలు – ఇంతటితో 65 గ్రాములు దాటును. శాకాహారులు గ్రుడ్డునకు బదులు పెసరట్టు, పనీరు. చేపకు బదులు సోయా ముక్కలు పెట్టుకొనవచ్చును.

దీనికై పరదేశపు పొడి డబ్బాలు కొననక్కరలేదు. మన వారు ఏ ఊరిలో స్థిరపడిరో ఆ ఊరి తిండియే చాలును. షోలాపురమున జొన్నరొట్టె, సెనగకాయ పొడి కలవు. కర్ణాటకములో రాగిముద్ద, ఉలవచారు కలవు. తమిళ దేశమున సాంబారులో నీళ్లు తగ్గించి పప్పు పెంచిన చాలును. బరంపురము, యానాము వైపు వారికి చేపకు కొదువలేదు. మార్చవలసినది ఒక్క వరుస. ముందు పప్పు, కూర, గ్రుడ్డు లేక చేప తినవలెను, అన్నము తరువాత. కడుపు త్వరగా నిండును గనుక ముందు పోయినదే లోపలికి పోయినట్లు.

మన ఇండ్లలో ఆడవారు కడపట తినుట, మిగిలినది తినుట అలవాటు. మందు వాడుచున్న ఇల్లాలు “నాకు ఆకలి లేదు” అని తన వాటా గ్రుడ్డు పిల్లలకు పెట్టుట మేము విన్నాము. ఆకలి లేకున్నను ఆ గ్రుడ్డు ఆమెదే.

బి12 – చేతివ్రేళ్ల స్పర్శ

తెగిన పోగును కంటికంటె ముందు వ్రేలు పసిగట్టును. తొక్కుడు చెక్క ఎంతవరకు దిగినదో అరికాలికి తెలియును. ఆ స్పర్శను మోయు నరములకు బి12 అను విటమిను అవసరము. ఇది పాలు, పెరుగు, గ్రుడ్డు, చేప, మాంసములలో తప్ప కూరగాయలలోను, ధాన్యములలోను దొరకదు. మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడినచో బి12 రక్తములోనికి చేరుట తగ్గును. కాలేయములో కొన్ని సంవత్సరములకు సరిపడు నిలువ ఉండుటచేత లోటు వెంటనే బయటపడదు. శాకాహారము, దానితో మెట్‌ఫార్మిన్, దానిపైన ఆకలి తగ్గించు ఇంజెక్షను – ఈ మూడును ఒకచోట చేరినప్పుడు జాగ్రత్త పడవలెను.

మా సభ్యులలో ఒక పెద్దాయన శాకాహారి; పదేండ్లకు పైగా మెట్‌ఫార్మిన్ వాడుచున్నారు. కాళ్లు మొద్దుబారి, ఏ చెక్కమీద కాలున్నదో క్రిందికి చూచిగాని తెలియుటలేదని చెప్పిరి. చక్కెరజబ్బునకు ఇది సహజమేనని ఇంటిల్లపాదియు ఊరకుండిరి. డాక్టరుగారు బి12 పరీక్ష చేయించగా అది మిక్కిలి తక్కువగా ఉన్నది. సూదిమందు ఇప్పించిన కొన్ని నెలలకు కొంత మేలు కనిపించినది. చక్కెరజబ్బు వలన వచ్చు తిమ్మిరి, బి12 లోపము వలన వచ్చు తిమ్మిరి చూచుటకు ఒక్కటే. పరీక్షయే భేదము చెప్పును. ఆలస్యమైనచో నరములు పూర్తిగా కోలుకొనకపోవచ్చును.

ఇచ్చట ఇంకొక విటమినును చెప్పవలెను. అది ఫోలిక్ ఆమ్లము. భీమవరమున 1895లో జన్మించిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహింపగా 1945లో దీని తయారీ సాధ్యమైనది. రక్తము పట్టుటకు ఇది గొప్ప మందు. కాని బి12 లోపమున్నవారు ఫోలిక్ ఆమ్లము ఒక్కటే మ్రింగినచో రక్తహీనత సర్దుకొన్నట్లు కనిపించి, లోపల నరముల జబ్బు మాత్రము ముదురును. కావున రెండింటిని కలిపి చూచుకొనవలెను.

బి1 – వాంతులు ఆగనప్పుడు

బి1 విటమిను తవుడులో ఉండును. తెల్లగా పాలిషు పట్టిన బియ్యములో స్వల్పము. జావాలో ఐక్‌మాన్ అను వైద్యుడు 1890 ప్రాంతములలో పాలిషు బియ్యము మేపిన కోళ్లకు కాళ్లు చచ్చుబడుట గమనించెను. ఆ పనికి 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ లోపము వలన వచ్చు బెరిబెరి ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాలను పీడించినది. జాతీయ పోషకాహార సంస్థ కూడ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కొరకు ఒక్క గదిలో పుట్టినదే. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది.

పాత జబ్బు మాట ఇప్పుడెందుకనగా, బి1 నిలువ శరీరములో రెండు మూడు వారములకు మించి ఉండదు. ఇంజెక్షను వలన వాంతులు పట్టి రోజుల తరబడి ఏమియు నిలువనిచో ఆ నిలువ అయిపోవును. అప్పుడు నడకలో తూలుట, ఒకటి రెండుగా కనిపించుట, మతి తప్పినట్లు మాటలాడుట రావచ్చును. ఇది ఆలస్యము చేయదగినది కాదు. వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. వాడుచున్న మందు పేరు చెప్పవలెను. మామూలు రోజులలో ఉప్పుడు బియ్యము, దంపుడు బియ్యము, జొన్నలు, పప్పులు, వేరుసెనగలు బి1 లోపము రాకుండ కాపాడును. తమిళ దేశమునను ఒడిశాలోను ఉప్పుడు బియ్యము వాడుక ఉన్నది. దానిని నామోషీ అనుకొని మానవద్దు.

డి, సున్నము, ఇనుము

డి విటమిను తిండిలో కొద్ది, ఎండలో ఎక్కువ. మగ్గపు ఇంటి నీడలో తెల్లవారినది మొదలు ప్రొద్దుగుంకువరకు పనిచేయు మనకు ఎండయే కరవు. బరువు తగ్గునప్పుడు ఎముకల గట్టితనమును కొంత తగ్గును. కావున మధ్యాహ్నపు భోజన విరామములో కొంతసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగులనీయుడు. సున్నము, అనగా కాల్షియము, పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ముల్లుతో తిను చిన్న చేపలలో కలదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉండును.

ఇనుము విషయములో ఆడవారు మరింత శ్రద్ధ వహింపవలెను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నదని తేలినది. ముందే తక్కువ రక్తమున్నవారు తిండి తగ్గించినచో ఆయాసము, కళ్లు తిరుగుట అధికమగును. ఆకుకూరలు, పప్పులు, మాంసము తినవలెను. వాటితో నిమ్మకాయ పిండుకొన్న, ఉసిరి తిన్న ఇనుము బాగుగా పట్టును. అన్నము తిన్న వెంటనే టీ త్రాగినచో పట్టదు, గంటసేపు ఆగవలెను.

కొందరికి మందు మొదలైన కొన్ని నెలలకు జుట్టు రాలును. బరువు త్వరగా తగ్గినప్పుడు ఇట్లగుట కలదు. సామాన్యముగా తిరిగి వచ్చును. ఇనుము, మాంసకృత్తులు చాలకున్నచో మాత్రము రాలుట ఎక్కువగును.

ఓర్లిస్టాట్ వాడువారికి

ఎ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వులో కరగునవి. ఓర్లిస్టాట్ వాడువారు ఇవి కలిసిన విటమిను మాత్ర వేసికొనవలెను. అయితే రెండును ఒకేసారి మ్రింగినచో విటమిను కూడ బయటికే పోవును. రెంటికి కనీసము 2 గంటల ఎడముండవలెను. రాత్రి పడుకొనబోవునప్పుడు వేసికొనుట సులువు. థైరాయిడు మాత్ర వాడువారు దానికిని ఓర్లిస్టాట్‌కును 4 గంటల ఎడమివ్వవలెను. రక్తము పలుచబరచు వార్‌ఫరిన్ వాడువారు కె విటమిను తగ్గునేమోనని డాక్టరుగారికి ముందే చెప్పవలెను.

విటమిను మాత్రల విషయము

“రోజుకొక మాత్ర వేసికొనుచున్నాము గదా, తిండి సంగతి ఎందుకు?” అనువారున్నారు. విటమిను మాత్రలో మాంసకృత్తులు లేవు, పీచు లేదు. గంజి ఎంత మంచిదైనను పడుగు లేనిదే బట్ట కాదు. మాత్ర లోటును పూడ్చునుగాని భోజనమునకు బదులు కాదు.

అతియు ప్రమాదమే. ఎ విటమిను మితిమీరినచో కాలేయమునకు, గర్భిణి కడుపులోని బిడ్డకు హాని. బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి మ్రింగినచో, ఏ తిమ్మిరి పోవలెనని మ్రింగితిమో ఆ తిమ్మిరియే వచ్చును. డి విటమిను పెద్ద మాత్ర వారమునకొకటి అని వ్రాసినచో వారమునకొకటియే, రోజుకొకటి కాదు. ఇనుము, కాల్షియము ఒక పూట కలిపి మ్రింగరాదు.

“పదిరోజులలో పది కిలోలు” అని అమ్ము పేరులేని పొడులను, కషాయములను కొనవద్దు. సిబుట్రమైన్ అను మందు గుండెకు హాని చేయుననిన కారణమున 2010లో ఐరోపాలోను, అమెరికాలోను అంగళ్లనుండి తొలగింపబడినది. ఆ తరువాత అది “మూలికల మందు” అను పేరుగల పొడులలో దొంగతనముగా కలిసి పట్టుబడినది.

నీరు, పీచు, ఉపవాసము

ఆకలితో పాటు దాహమును తగ్గును. దాహము వేయకున్నను గంటకొకసారి నీరో, పలుచని మజ్జిగయో త్రాగవలెను. మలబద్ధమునకు కూరలు, పండ్లు, చిరుధాన్యములు, నీరు మందు. వికారమున్నప్పుడు కొద్దికొద్దిగా, నెమ్మదిగా తినవలెను. నూనె పిండివంటలు మానవలెను. తిన్న వెంటనే పడుకొనరాదు. వాంతులు, విరేచనములు అయినచో ఉప్పు, చక్కెర కలిసిన ఓఆర్‌ఎస్ నీరు త్రాగవలెను.

ఏకాదశి, కార్తిక సోమవారములు మనకు ముఖ్యములు. ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు వంటి మాత్ర గాని ఈ ఇంజెక్షనుతో కలిపి వాడువారు ఉపవాసమున్నచో రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమట, వణుకు, కళ్లు చీకట్లు కమ్ముట దాని గుర్తులు. ముందుగా డాక్టరుగారిని అడిగి మోతాదు తగ్గించుకొనవలెను. జేబులో చక్కెర ఉంచుకొనవలెను.

బిడ్డను కోరువారు సెమాగ్లూటైడును కనీసము 2 నెలల ముందే మానవలెను. టిర్జెపటైడు మొదలుపెట్టినప్పుడును, మోతాదు పెంచినప్పుడును, 4 వారములపాటు గర్భనిరోధక మాత్ర ఒక్కదానినే నమ్ముకొనరాదు.

పొట్టలో తీవ్రమైన నొప్పి పుట్టి వీపులోనికి పాకినను, కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పితో కళ్లు పచ్చబడినను, రోజంతయు నీరు కూడ నిలువక మూత్రము తగ్గినను, చూపు మారినను, మరుసటి ఇంజెక్షను కొరకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను.

కండకు పని, మందు ఆగిన తరువాత

మగ్గము తొక్కుట కొంత వ్యాయామమే గాని, అది ఒకేవిధమైన కదలిక. వారమునకు మూడు రోజులైనను పీటమీదినుండి చేయూత లేక పది పదిహేను మార్లు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి త్రోయుట, నీళ్ల బిందె వంటి బరువు నిదానముగా ఎత్తి దించుట మంచిది. మోకాళ్ల నొప్పులు, గుండెజబ్బు గలవారు డాక్టరుగారిని అడిగి చేయవలెను. మాంసకృత్తులు తిని పని చేయని కండ నిలువదు. పని చేసి తినని కండయు నిలువదు.

పైన చెప్పిన 1961 మందిలో కొందరిని మందు ఆపిన తరువాత ఒక సంవత్సరము గమనించిరి. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. కండగా పోయినది తిరిగి కండగానే వచ్చునను నమ్మకము లేదు. కదలక కూర్చున్నవానికి వచ్చునది క్రొవ్వే. కావున మందు వాడు కాలమును మంచి తిండి అలవాటు చేసికొను కాలముగా ఎంచవలెను. మందు ఆగినను ఆ అలవాటు నిలుచును.

ఖర్చు మాటయు చెప్పుట మా విధి. ఈ ఇంజెక్షనులు నెలకు వేల రూపాయల పని. కూలి నేతతో జీవించు ఇంటిలో ఆ సొమ్ము ఎక్కడనుండియో తగ్గవలెను. పాలు, గ్రుడ్లు, పప్పు తగ్గించి మందు కొనుట నూలు అమ్మి మగ్గము కొన్నట్లగును. మందుకును, మంచి తిండికిని రెండింటికి చాలునని లెక్క చూచుకొన్న తరువాతనే మొదలుపెట్టుడు. చాలనిచో ఆ మాట సిగ్గుపడక డాక్టరుగారితో చెప్పుడు. వేరు మార్గములు వారే చెప్పుదురు.

మందు మొదలిడుటకు ముందు హీమోగ్లోబిను, బి12, డి విటమిను, మూత్రపిండముల పరీక్షలు చేయించవలెనా అని అడుగుడు; మరల ఎప్పుడు చేయించవలెనో వ్రాయించుకొనుడు. ఇంటిలో వాడుచున్న అన్ని మాత్రల చీటీలును వెంట తీసికొనిపోవుడు. నెలకొకసారి త్రాసు ఎక్కునప్పుడు, పీటమీదినుండి చేయూత లేక ఎన్ని మార్లు లేవగలిగితిరో అదియు ప్రక్కన వ్రాసికొనుడు. మొదటి అంకె దిగుచు, రెండవది నిలిచియున్నచో మీ తూకము సరియైన దారిలో తగ్గుచున్నది. రెండును దిగుచున్నచో పళ్లెము వంక చూడవలెను, డాక్టరుగారికి చెప్పవలెను.

శాఖా కార్యదర్శులు ఈ వ్యాసమును తమ నెలసరి సమావేశములో చదివి వినిపింప ప్రార్థన. చదువురాని పెద్దలకును, వంట చేయు ఆడపడుచులకును తప్పక చేరవలెను. ఏలయన మందు వ్రాయునది డాక్టరైనను, కంచము నింపువారు వారే.

ఇట్లు,
కార్యదర్శి